కెటలీనా 30: 2000 ఆర్‌పీఎం దాటితే ఇంజను వేడెక్కుతోంది, ఎక్కణ్ణుంచి వెతకాలి?

అనాపొలిస్_తెరచాప అడిగారు:

నమస్కారం అండి. నాది 1988 కెటలీనా 30 తెరచాప పడవ, ఇంజను యూనివర్సల్ ఎం25ఎక్స్‌పీ డీజిల్. అమెరికాలో చీసపీక్ బే (అఖాతం) ఒడ్డున, అనాపొలిస్ దగ్గర మెరీనాలో ఉంటుంది. తీరు ఇలా ఉంది:

న్యూట్రల్‌లో ఎంతసేపు నడిపినా 165 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర నిలకడగా ఉంటుంది. గేరులో 2000 ఆర్‌పీఎం దగ్గర 175. 2600కి పెంచితే పావుగంటలో 200 దాటి ఇంకా ఎక్కుతుంది. వేగం తగ్గిస్తే దిగిపోతుంది. వెనక పైపులోంచి నీళ్లు వస్తున్నాయి గానీ ధార పలచగా ఉంది, తెల్లటి ఆవిరి కనిపిస్తోంది. కూలంట్ నిండుగానే ఉంది, బెల్టు బిగువుగానే ఉంది. థెర్మోస్టాట్ మార్చమని ఒకరు, అసలు తీసి పారేయమని ఇంకొకరు అంటున్నారు. ఏం చేయమంటారు?

డీజిల్_బాబాయి:

థెర్మోస్టాట్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. అది మూసుకుపోయి ఉంటే న్యూట్రల్‌లో కూడా నెమ్మదిగా వేడెక్కేది. తీసి పారేయడం ఇంకా తప్పు. డీజిల్ చల్లగా నడిస్తే మసి పేరుకుంటుంది, అసలు రోగం మాత్రం అలాగే ఉంటుంది. అనుమానం తీరకపోతే గిన్నెలో నీళ్లు కాచి, తీగకు వేలాడదీసి చూడండి. దాని మీద అచ్చువేసిన ఉష్ణోగ్రత దగ్గర తెరుచుకోవడం మొదలుపెడితే అది బాగున్నట్టే.

వేగం పెంచినప్పుడే ఎందుకు వేడెక్కుతోందంటే, ప్రొపెల్లర్ తీసుకునే శక్తి దాదాపు ఆర్‌పీఎం ఘనం లెక్కన పెరుగుతుంది. 2000 నుంచి 2600కి వెళ్తే వేగం 1.3 రెట్లు, శక్తి మాత్రం 2.2 రెట్లు. పంపు తోసే నీళ్లు మహా అయితే 1.3 రెట్లు. అంటే బయటి నీళ్ల దారిలో ఎక్కడో సగం మూసుకుపోయినా, న్యూట్రల్‌లో మీకు తెలియదు.

ముందు పొగ సంగతి. వెంటనే గాలిలో కలిసిపోయే తెలుపు ఆవిరి: నీళ్లు చాలడం లేదు. నల్ల పొగ వచ్చి, ఫుల్ థ్రాటిల్‌లో కూడా మాన్యువల్‌లో రాసిన ఆర్‌పీఎం అందకపోతే: ప్రొపెల్లర్ మీద బార్నకిల్స్ (అతుక్కుని పెరిగే సముద్రపు గుల్లలు) పట్టి లోడ్ ఎక్కువైంది. మీరు చెప్పింది మొదటి రకం. అయినా డైవర్‌ని దింపినప్పుడు ప్రొపెల్లర్, నీళ్లు లాగే రంధ్రం రెండూ చూడమనండి.

ఇక బయటి నీళ్ల దారి వరస: సీకాక్ (పడవ అడుగున నీళ్లు లోపలికొచ్చే రంధ్రం మీది వాల్వు), స్ట్రైనర్ (చెత్త ఆపే బుట్ట), పంపు, హీట్ ఎక్స్ఛేంజర్ (కూలంట్ వేడిని బయటి నీళ్లు తీసుకునే ట్యూబుల పెట్టె), ఎగ్జాస్ట్ రైజర్ (ఆ నీళ్లు ఎగ్జాస్ట్‌లో కలిసే గొట్టం). ఈ దారిని భాగాలుగా విడదీసి పరీక్షించాలి.

రైజర్‌లోకి నీళ్లు ఎక్కే హోస్ ఊడదీసి బకెట్‌లో పెట్టి, ఐడిల్‌లో 15 సెకన్లు నడపండి. అంతకుమించి వద్దు, నీళ్లు లేకపోతే ఎగ్జాస్ట్ రబ్బరు గొట్టం కాలిపోతుంది. ఇక్కడ ధార బలంగా వస్తే అడ్డు రైజర్‌లో ఉంది: ఉప్పు, మసి కలిసి రాయిలా గట్టిపడతాయి. ఇక్కడా పలచగానే వస్తే ఎక్స్ఛేంజర్‌లోకి వెళ్లే హోస్ దగ్గర అదే పని చేయండి. అక్కడ బలంగా ఉంటే దోషం ఎక్స్ఛేంజర్‌ది. అక్కడా పలచనే అయితే పంపు గానీ, దానికి ముందున్నది గానీ.

ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉంటే ఇంకో ఆధారం దొరుకుతుంది. లోడ్ మీద నడుస్తుండగా ఎక్స్ఛేంజర్‌లోకి వెళ్లే బే నీళ్ల వేడి, బయటికొచ్చే నీళ్ల వేడి చూడండి. బయటికొచ్చేవి బాగా కాగి ఉంటే నీళ్లు తక్కువ పారుతున్నాయి. గోరువెచ్చగానే ఉండి కూలంట్ మాత్రం మండుతుంటే, నీళ్లు పారుతున్నాయి గానీ ట్యూబుల మీద పొర పట్టి వేడి దాటడం లేదు. మెరిసే ఇత్తడి మీద ఆ పరికరం తప్పు చెబుతుంది, నల్ల టేపు ముక్క అంటించి దాని మీద చూడండి.

గాలివాటం:

బాబాయి గారు చెప్పిన వరసే సరైనది. నేనైతే స్ట్రైనర్‌తో మొదలుపెడతాను. జులై, ఆగస్టుల్లో చీసపీక్ నిండా జెల్లీ చేపలే. పంపు లాగితే జిగురులా బుట్టకు అతుక్కుంటాయి, పైనుంచి చూస్తే శుభ్రంగానే ఉన్నట్టుంటుంది. సీకాక్ మూసి, బుట్ట బయటికి తీసి కడగండి. తొడుగులు వేసుకోండి, చచ్చిన ముక్కలు కూడా కుడతాయి. మూత రబ్బరు రింగు ఎండిపోతే పంపు నీళ్లతో పాటు గాలి పీలుస్తుంది. స్ట్రైనర్ గాజు గిన్నెలో బుడగలు తిరుగుతుంటే అదే.

సీకాక్ పరీక్ష కూడా సులువే. దాని పైనున్న హోస్ తీసి ఒక్క క్షణం తెరవండి. నీళ్లు ఉబికి రావాలి, కారితే చాలదు. ఆ సైజు కర్ర బిరడా చేతిలో పట్టుకునే ఈ పని చేయాలి.

తర్వాత ఇంపెల్లర్, అంటే పంపులో తిరిగే రబ్బరు రెక్కల చక్రం. కవర్ తీసి రెక్కలు లెక్కపెట్టండి. రెక్క మొదట్లో పగులు కనిపించినా, చివరలు ఒకవైపే వంగి బిగుసుకుపోయినా మార్చేయాల్సిందే. స్క్రూడ్రైవర్‌తో పెకలిస్తే పంపు లోపలి గోడ గీసుకుపోతుంది, పుల్లర్ వాడండి. కొత్తదానికి గ్లిజరిన్ గానీ గిన్నెలు తోమే సబ్బు గానీ రాయండి. పెట్రోలియం గ్రీజు రబ్బరును ఉబ్బిస్తుంది. పంపు తిరిగే వైపుకే తిప్పుతూ ఎక్కించండి, రెక్కల చివరలు వెనక్కి వాలాలి.

చాలామంది వదిలేసేది కవర్ ప్లేటు. లోపలివైపు గోరుకు తగిలేంత గాడి పడితే కొత్త ఇంపెల్లర్ వేసినా పంపు సరిగ్గా లాగదు. తిరగేసి వాడుకోవచ్చు, లేదా అద్దం మీద వెట్ పేపర్ (తడిపి వాడే గరుకు కాగితం) పరిచి సాపు చేయండి. గ్యాస్కెట్ కూడా కంపెనీ ఇచ్చిన మందమే ఉండాలి. దళసరిది కోసి పెడితే రెక్కల పక్కన సందు వచ్చి నీళ్లు వెనక్కి జారతాయి.

విరిగిన రెక్క కనిపిస్తే ఆ ముక్క దొరికేదాకా పని అయిపోయినట్టు కాదు. అది ఎటో పోదు, ఎక్స్ఛేంజర్ మొదట్లోనే అడ్డం పడి ఉంటుంది.

అనాపొలిస్_తెరచాప:

ధన్యవాదాలండి. స్ట్రైనర్, సీకాక్ బాగున్నాయి. ఇంపెల్లర్‌కు ఆరు రెక్కల్లో రెండు లేవు. ఎక్స్ఛేంజర్ మూత తీస్తే ఒక రెక్క, ఆవగింజలంత బూడిదరంగు ముక్కలు బోలెడు. రెండో రెక్క దొరకలేదు. ట్యూబుల్లో తెల్లటి పొర ఉంది. యాసిడ్ పోయవచ్చా?

డీజిల్_బాబాయి:

ఆ బూడిద ముక్కలు జింకువి, అంటే ఎక్స్ఛేంజర్ లోహానికి బదులు తాను అరిగిపోయేలా అందులో పెట్టే కడ్డీవి. అరిగిన జింకు రాలి మూతలో కుప్పపడుతుంది. జింకు సగం అరగ్గానే మార్చాలి, ఇక్కడి వేసవిలో నెలకోసారి విప్పి చూడటం అవసరం. కొత్తది మరీ పొడవైతే ట్యూబులకు తగులుతుంది, కోసి పెట్టండి. మరకు టెఫ్లాన్ టేపు చుట్టకండి, జింకుకు లోహంతో సంబంధం తెగితే అది ఉన్నా లేనట్టే.

రెండో రెక్క కోసం ఎక్స్ఛేంజర్ నుంచి పంపు వైపు హోస్‌లోకి నీళ్లు ఎదురు కొట్టండి. మలుపులో ఇరుక్కుని ఉంటుంది. అక్కడ లేకపోతే పాత యజమాని కాలంలోదే కావచ్చు, రైజర్ ముందు మలుపు కూడా చూడండి.

యాసిడ్‌కు ముందు రెండు మూతలు, రబ్బర్లు, జింకు తీసేయండి. జింకు ఉంచితే యాసిడ్ బలమంతా దాన్ని తినడానికే పోతుంది. తెల్ల పొరకు ఫాస్ఫారిక్ యాసిడ్ రకం చాలు. ఆ రకం మందు బార్నకిల్ బస్టర్ కాన్సన్‌ట్రేట్ అయితే ఒక వంతుకు నాలుగు వంతుల మంచినీళ్లు. బుడగలు ఆగేదాకా నానబెట్టి, సన్నని కర్ర పుల్లతో ట్యూబులు ఒక్కొక్కటీ పొడిచి, బాగా కడగండి. ఇనప కడ్డీ వాడకండి. మ్యూరియాటిక్ యాసిడ్ త్వరగా పనిచేస్తుంది గానీ లోహాన్ని కూడా తింటుంది, నేను సిఫారసు చేయను. ఎప్పుడూ నీళ్లలో యాసిడ్ పోయాలి, యాసిడ్‌లో నీళ్లు కాదు. కళ్లకు రక్షణ అద్దాలు తప్పనిసరి.

కొన్నిసార్లు సన్నని చిల్లును ఆ పొరే మూసి ఉంచుతుంది. శుభ్రం చేశాక ఎక్కడా కారకుండానే కూలంట్ మట్టం తగ్గుతుంటే ట్యూబు పోయినట్టు. తిరిగి నింపేటప్పుడు కూలంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం, గాలి పూర్తిగా పోయేదాకా కొంచెం కొంచెంగా. శీతాకాలానికి బయటి నీళ్ల దారిలో పోసే గులాబీరంగు ద్రవం వేరు, దాన్ని ఇందులో కలపకండి.

లంగరు_గొలుసు:

మరమ్మతు సంగతి పైవాళ్లు చెప్పారు. నీళ్ల మీద ఉండగా వేడెక్కితే ఏం చేయాలన్నది కూడా తెలియాలి.

డయల్‌ను నమ్ముకోవద్దు. అది చూపేది కూలంట్ వేడి, అది పెరగడానికి టైము పడుతుంది. నీళ్లు ఆగిపోతే ముందు కాలేది ఎగ్జాస్ట్ హోస్. ఆ హోస్‌కు పట్టీతో కట్టే ఉష్ణోగ్రత అలారం దొరుకుతుంది, పెట్టించండి. కాలిన హోస్ కార్బన్ మోనాక్సైడ్‌ను క్యాబిన్‌లోకి వదులుతుంది. అందుకే పడుకునే చోట డిటెక్టర్ కూడా ఉండాలి.

అలారం మోగగానే వెనక్కి చూడండి. నీళ్లు వస్తుంటే న్యూట్రల్‌కు తెచ్చి ఐడిల్‌లో వేడి దిగనివ్వండి. రాకపోతే వెంటనే ఆపేయండి. గాలి ఉంటే తెరచాప ఎత్తి నౌకాదారి బయటికి తప్పుకోండి. లేకపోతే లంగరు. పది అడుగుల లోతుకు, నీటి పైన పడవ ముక్కు ఎత్తు నాలుగు అడుగులు కలిపి 14, దానికి అయిదు రెట్లు 70 అడుగుల లంగరు తాడు వదలాలి. గాలి పెరిగితే ఏడు రెట్లు, అంటే 98. అనాపొలిస్ దగ్గర పోటు సుమారు అడుగే కాబట్టి దాని లెక్క పెద్దగా మారదు. రివర్స్ ఇంజను లేదు గనక, పడవను గాలికి వెనక్కి జరగనిచ్చి తాడు కొద్దికొద్దిగా బిగించండి. ఒక్కసారిగా బిగిస్తే మెత్తటి బురదలో లంగరు పట్టకుండా ఈడ్చుకొస్తుంది. కూలంట్ పోసే మూత చేత్తో ముట్టుకోగలిగేంత చల్లారాకే తెరవాలి.

సీకాక్ మూసినప్పుడు ఇంజను తాళం చెవి తీసి దాని పిడికే తగిలించండి. మూసిన సంగతి మరిచి స్టార్ట్ చేస్తే కొత్త ఇంపెల్లర్ నిమిషాల్లో పోతుంది.

ఉల్టా జాగ్రత్త ఒకటి. ఇంజను అందుకోకపోతే అదేపనిగా క్రాంక్ చేయకండి (స్టార్టర్‌తో తిప్పకండి). పంపు నీళ్లు తోస్తూనే ఉంటుంది, వాటిని బయటికి నెట్టే ఎగ్జాస్ట్ గాలి ఉండదు. మఫ్లర్ నిండి, నీళ్లు వెనక్కి సిలిండర్లలోకి వెళ్తాయి. రెండు మూడు ప్రయత్నాల తర్వాత సీకాక్ మూసి క్రాంక్ చేయండి. ఇంజను అందుకున్న మరుక్షణం తెరవాలి, కాబట్టి ఒకరు సీకాక్ పక్కనే ఉండాలి.

పడవలో ఉండాల్సిన విడిభాగాలు: రెండు ఇంపెల్లర్లు, రెండు కవర్ గ్యాస్కెట్లు, కవర్ మరలు నాలుగు అదనంగా, ఒక బెల్టు, రెండు జింకులు, అయిదారు హోస్ క్లాంపులు. ఆర్డర్ పెట్టే ముందు పంపు మీద ప్లేటు చదవండి. ఈ ఇంజన్ల మీద పాత యజమానులు వేరే పంపులు పెట్టించి ఉంటారు, ఇంజను పేరు చెప్పి కొంటే సైజు కుదరకపోవచ్చు.