5,000 పౌండ్ల సామర్థ్యమున్న హైలాండర్‌కు 3,700 పౌండ్ల ట్రైలర్ తగునా?

డెన్వర్‌లో నివసించే మేము 2021 టయోటా హైలాండర్, వీ6 ఇంజిన్‌ది, వాడుతున్నాము. దానికి లాగే సామర్థ్యం 5,000 పౌండ్లు. కొనాలనుకుంటున్న చిన్న ట్రావెల్ ట్రైలర్ (కారు వెనక లాక్కెళ్లే, లోపల బస చేయగల బండి) ఖాళీ బరువు 2,900 పౌండ్లు, గరిష్ఠంగా అనుమతించిన మొత్తం బరువు 3,700. ఖాళీ బరువును నేను లెక్కలోకి తీసుకోవడం లేదు. 20 గ్యాలన్ల నీళ్లే 167 పౌండ్లు తూగుతాయి కదా, బ్రోచర్లు ఆ సంగతి పెద్దగా చెప్పవు.

నా సందేహమంతా కారు మోయగల బరువు గురించే. డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ ప్రకారం మనుషులు, సామాను కలిపి 1,400 పౌండ్లు మించరాదు. మేము నలుగురం 600, సామాను 200, హిచ్ (ట్రైలర్‌ను కారుకు తగిలించే కొక్కెం) సరంజామా 60, ట్రైలర్ ముందు భాగం హిచ్‌పై మోపే బరువు 12 శాతం చొప్పున సుమారు 444 అనుకుంటే, మిగిలేది 100 పౌండ్లలోపే. ఆ వాటా 15 శాతానికి చేరితే అదీ మిగలదు.

పైగా మా కారుకున్నట్టి టర్బో లేని ఇంజిన్ ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకు దాదాపు 3 శాతం శక్తి కోల్పోతుంది కనుక, 11,000 అడుగులు దాటిన ఐజెన్‌హవర్ టన్నెల్ వైపు ఐ-70 రహదారిపై కొండ ఎక్కేటప్పుడు మూడో వంతు శక్తి తగ్గినట్లే.

ఇలాంటి కారుతో ఆ దారిలో ట్రైలర్ లాగినవారు ట్రాన్స్‌మిషన్ వేడి, దిగేటప్పుడు బ్రేకుల పరిస్థితి ఎలా ఉన్నాయో దయచేసి తెలియజేయగలరా? బరువును ఇరుసులకు పంచే హిచ్ ఈ కారుకు అవసరమా, లేక ట్రైలర్‌నే 3,000 పౌండ్లలోపుది ఎంచుకోవడం మేలా?