అలిసన్ కాలిన్స్‌ని దించడం న్యాయమేనా? (శాన్ ఫ్రాన్సిస్కో స్కూల్ బోర్డు రీకాల్)

దోశపెనం (శాన్ ఫ్రాన్సిస్కో)
మొన్న ఒక పుట్టినరోజు భోజనాల దగ్గర మొదలైన గొడవ ఇది. అక్కడ తేలలేదు, ఇక్కడైనా తేలుతుందేమో.

2022 ఫిబ్రవరి 15న మా ఊళ్లో స్కూల్ బోర్డు (సర్కారు బడుల మీద పెత్తనానికి జనం ఎన్నుకునే ఏడుగురి సంఘం) సభ్యులు ముగ్గురిని జనం ఓటేసి మధ్యలోనే ఇంటికి పంపారు. దీన్నే రీకాల్ అంటారు. అలిసన్ కాలిన్స్, గాబ్రియేలా లోపెజ్, ఫావుంగా మోలిగా. అందరూ ఎక్కువగా మాట్లాడుకునేది కాలిన్స్ గురించే. ఒకప్పుడు టీచరు, తర్వాత బడుల్లో వివక్ష మీద గొంతెత్తిన తల్లి. 2018లో గెలిచింది. ఆ పదవికి నెలకి 500 డాలర్లు, అంతే. 2021 మార్చిలో, అట్లాంటా కాల్పుల్లో ఆసియా ఆడవాళ్లు చనిపోయిన ఆ రోజుల్లోనే, ఆమె 2016లో పెట్టిన ట్వీట్లు బయటికొచ్చాయి. ఆసియా అమెరికన్లు పైకి రావడానికి తెల్లవాళ్ల ఆధిపత్యపు బుద్ధినే వంటబట్టించుకున్నారని రాసింది. దొర ఇంట్లో పనిచేసే బానిసని పిలిచే పాత బూతుమాట కూడా వాడింది. బోర్డు 5–2 ఓట్లతో ఉపాధ్యక్ష పదవి తీసేసింది. ఆమె ఊరుకోకుండా స్కూల్ డిస్ట్రిక్ట్ (ఊళ్లో సర్కారు బడులు నడిపే సంస్థ) మీదా, ఆ ఐదుగురి మీదా 8 కోట్ల 70 లక్షల డాలర్లకి దావా వేసింది. ఆగస్టులో జడ్జి కొట్టేశారు.

నేను ముగ్గురినీ దించమనే ఓటేశా. మా ఆవిడ వాళ్ల బాబాయి మాత్రం "పాత మాటలకి పదవులు పీకితే మన అసెంబ్లీలో కుర్చీలే మిగులుతాయి" అన్నారు. మీరేమంటారు?

పిడుగురాళ్ల పిల్లోడు (ఈస్ట్ బే)
ఇందులో అనడానికేముంది? మనల్ని బానిసలంది. మన పిల్లలు చదివే బడుల మీద పెత్తనం ఆమెకెందుకు? దించారు, పీడా పోయింది.

గోదారి రాణి (శాక్రమెంటో)
"మనల్ని" ఎక్కడందండీ? ఆ ట్వీట్లు మొత్తం చదివారా, స్క్రీన్‌షాట్ ఒక్కటే చూశారా? తన కూతురి బడిలో కొందరు ఆసియా మగపిల్లలు ఒక లాటినో (లాటిన్ అమెరికా మూలాలున్న) పిల్లాణ్ణి ట్రంప్ పేరూ, క్లాన్ (తెల్లజాతి దురహంకారుల ముఠా) పేరూ చెప్పి ఏడిపించారని, తన కూతురొక్కతే అడ్డుపడిందని, ఆ కోపంలో రాసింది. మాట తప్పే. నేను సమర్థించను. కానీ అడిగిన ప్రశ్న తప్పే కాదు: మన మీదకి రానంతకాలం పక్కవాడి మీద జరిగేది చూస్తూ నోరుమూసుకుంటామా లేదా?

హెచ్‌వన్ అన్న (డాలస్)
ఒక్క నిమిషం. దోశపెనం గారూ, మీరు సిటిజనా? కాకపోతే ఓటెలా వేశారు?

దోశపెనం
గ్రీన్‌కార్డే అన్నా. ఈ ఊళ్లో పిల్లలున్న తల్లిదండ్రులు సిటిజన్లు కాకపోయినా స్కూల్ బోర్డు ఎన్నికల్లో ఓటెయ్యొచ్చు. 2016లో ప్రపొజిషన్ ఎన్ అనే చట్టాన్ని జనమే ఓటేసి పాస్ చేశారు.

హెచ్‌వన్ అన్న
చెల్లదు. కోర్టు కొట్టేసింది.

దోశపెనం
కొట్టేసింది 2022 వేసవిలో, రీకాల్ అయ్యాక. 2023లో పై కోర్టు మళ్లీ చెల్లుతుందంది.

పిడుగురాళ్ల పిల్లోడు
రాణి గారూ, ప్రశ్న మంచిదైతే మంచి మాటల్లో అడగాలి. చెప్పిన క్షమాపణ కూడా "సందర్భం వేరు" అంటూ చెప్పింది. పైగా దావా! డిస్ట్రిక్ట్‌కేమో 12 కోట్ల డాలర్ల పైనే లోటు, బడులేమో మూసి ఉన్నాయి, ఈవిడేమో తన పరువుకి 8 కోట్ల 70 లక్షలు అడిగింది. ఆ డబ్బు ఎవరిది? పిల్లలది కాదా? ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగినట్టు.

గోదారి రాణి
కోర్టుకెళ్లడం కూడా నేరమేనా? ఓడిపోయింది, సెప్టెంబరులో అప్పీలు కూడా లేకుండా వదిలేసింది. డబ్బు మాట మీరే ఎత్తారు కాబట్టి అడుగుతున్నా, రీకాల్‌కి డబ్బెవరు పోశారు? ఆర్థర్ రాక్, డేవిడ్ శాక్స్ లాంటి వెంచర్ క్యాపిటల్ వాళ్లు, అంటే కొత్త కంపెనీల్లో పెట్టుబడులు పెట్టే డబ్బున్నవాళ్లు. వాళ్ల పిల్లలు ఏ సర్కారు బడిలో చదివారో కాస్త చెప్పండి.

పిడుగురాళ్ల పిల్లోడు
మొదలుపెట్టింది వాళ్లు కాదు. శివ రాజ్, ఆటమ్ లూయెన్ అనే మామూలు తల్లిదండ్రులిద్దరు. ఆ శివ రాజ్ మన దేశం నుంచి వచ్చినవాడే. బజార్లలో నిలబడి సంతకాలు అడిగారు. 51 వేల చిల్లర కావాల్సి ఉంటే ఒక్కొక్కరి మీదా అంతకన్నా చాలా ఎక్కువే వచ్చాయి. డబ్బుంటే సంతకాలు రాలతాయా?

కూకట్‌పల్లి కుర్రోడు
రాలతాయ్ అన్నా. మా కార్పొరేటర్ని అడుగు, రేటు జెప్తడు.

లెక్కల పంతులు (విజయవాడ, రిటైర్డ్)
బాబూ, అమ్మా, ఇద్దరూ ట్వీట్ల చుట్టూ తిరుగుతున్నారు. అంకెలు చూడండి. కాలిన్స్‌ని దించమన్నవారు సుమారు 76 శాతం. లోపెజ్‌ని 72. మోలిగాని 69కి కాస్త అటూ ఇటూ. లోపెజ్, మోలిగా అలాంటి ట్వీట్లు పెట్టలేదు కదా. అంటే ట్వీట్ల ఖరీదు నాలుగు నుంచి ఏడు శాతం. మిగతా కోపమంతా ఇంకెక్కడిదో.

ఇంకో చోద్యం. కాలిన్స్ పదవి తీసేయాలన్న తీర్మానం తెచ్చినవారిలో మోలిగా ఒకడు. ఆమె దావా వేసిన ఐదుగురిలోనూ ఉన్నాడు. జనం ఇద్దరినీ ఒకే తాడున కట్టి పంపించారు. ట్వీట్లకే శిక్ష అయితే అతనికెందుకు పడింది?

గోదారి రాణి
నేనూ అదే అంటున్నా మాస్టారూ.

లెక్కల పంతులు
లేదమ్మా, నువ్వు అది అనలేదు. నువ్వు ఆమె తప్పు చిన్నదంటున్నావు. నేను అసలు తప్పు వేరే అంటున్నాను.

బెజవాడ బాబ్జీ
ఏడుగురుంటే ముగ్గురినే ఎందుకు? మిగతా నలుగురూ సుద్దపూసలా?

లెక్కల పంతులు
ఆ నలుగురూ 2020 నవంబరులో గెలిచారు. కొత్తగా వచ్చినవారిని కొన్నాళ్ల దాకా రీకాల్ చేయకూడదని రూలు. అందుకని దొరికినవారు దొరికారు.

హెచ్‌వన్ అన్న
దోశపెనం గారూ, సిటిజన్‌షిప్ ఫారంలో "అమెరికాలో ఎప్పుడైనా ఓటేశారా" అని ప్రశ్న ఉంటుంది. అక్కడ ఏం రాస్తారు? దీనికెవరూ జవాబు చెప్పట్లేదు.

దోశపెనం
లాయర్ని అడిగే వేశా అన్నా. రిజిస్టర్ చేసుకునేటప్పుడే ఈ వివరాలు ఇమిగ్రేషన్ వాళ్ల చేతికి పోవచ్చని హెచ్చరిక కూడా ఇస్తారు. అందుకే వేసేవాళ్లు చాలా తక్కువ. మాస్టారు చెప్పింది నిజం, నా మటుకు ట్వీట్లు కాదు. 2021 జనవరిలో బడులు మూసి ఉండగా 44 బడుల పేర్లు మార్చాలని 6–1తో తీర్మానం చేశారు. లింకన్ పేరు, వాషింగ్టన్ పేరు. అమెరికా స్వాతంత్ర్య పోరాటంలో పేరున్న పాల్ రివీర్ ఎవరితో ఎందుకు యుద్ధానికెళ్లాడో కూడా సరిగ్గా చూసుకోకుండా ఆయన పేరు జాబితాలో పెట్టారు. ఏప్రిల్‌కల్లా అంతా వెనక్కి తీసుకున్నారనుకోండి. తలుపులు తీయండ్రా బాబూ అంటే బడి పేరు బోర్డుకి రంగేస్తామన్నట్టుంది.

పిడుగురాళ్ల పిల్లోడు
పేర్లదేముంది, రేపు ఇంకోటి పెట్టుకుంటారు. అసలు పాపం లోవెల్. ఊరంతటికీ పేరున్న హైస్కూలు. పిల్లల్లో సగానికి పైగా ఆసియా వాళ్లు. మార్కులూ పరీక్షా చూసి సీటిచ్చేవారు. ఫిబ్రవరి 2021లో దాన్ని లాటరీ చేసేశారు. డిప్! రాత్రీపగలూ చదివినవాడికీ, చదవనివాడికీ ఒకటే చీటీ. దానికి ముందుండి మాట్లాడింది కాలిన్సే. మా వాడిది ఇంకో ఊరు, ఇంకో బడి, పేరెందుకు. ఎనిమిదో తరగతిలోనే ఆల్జీబ్రా పై క్లాసు తీసేశారు, అందరూ సమానమంట. సమానం చెయ్యాలంటే కిందున్నవాణ్ణి పైకి లాగాలి గానీ పైవాడి కాళ్లు నరుకుతారా?

గోదారి రాణి
వచ్చింది, అసలు మాట వచ్చింది. ట్వీట్లు కాదు, దావా కాదు, సీటు.

పిడుగురాళ్ల పిల్లోడు
సీటే. సిగ్గెందుకు? కష్టపడ్డవాడికి సీటు రావాలి.

గోదారి రాణి
నవోదయకి పరీక్ష ఉంది, కేంద్రీయ విద్యాలయం ఒకటో తరగతికి లాటరీ ఉంది. రెండింట్లోనూ మన పిల్లలు చదువుకున్నారు, కొంపలేం మునగలేదు. లోవెల్‌లో నల్లజాతి పిల్లలు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. వాళ్లెవరూ కష్టపడలేదంటారా?

రీకాల్ అయ్యాక అప్పటి శాన్ ఫ్రాన్సిస్కో మేయర్ బ్రీడ్ ఆ ఖాళీల్లో వేసిన ముగ్గురిలో ఆన్ సూ ఒకావిడ. రీకాల్ కోసం తిరిగిన మనిషే. అదే ఏడాది ఎన్నికలకి నిలబడి, ఒక ప్రశ్నావళిలో నల్లజాతి, లాటినో పిల్లలు వెనకబడటానికి ఇంట్లో ప్రోత్సాహం లేకపోవడం ఒక కారణమని రాసింది. దాని మీద ఇక్కడ ఎంతమంది గొంతు చించుకున్నారు? ఒక్కరు చూపించండి.

పిడుగురాళ్ల పిల్లోడు
ఆవిడ వెంటనే క్షమాపణ చెప్పింది. కోర్టుకెక్కలేదు. నవంబరులో జనం ఓడించారు కూడా. న్యాయం ఇద్దరికీ ఒకటే జరిగిందిగా?
ఇంకో మాట. మీకు ఇంత కోపం కాలిన్స్ గురించి కాదు. ఇది మన ఊళ్లో కోటా గొడవ, ఇక్కడికి మోసుకొచ్చారు.

గోదారి రాణి
మోసుకొచ్చింది నేనా? "డిప్" అన్న మాట ఎవరిది? సరే, చెప్తాను. నేను ఎస్సీ కోటాలో ఇంజినీరింగ్ చదివాను. నా ర్యాంకు ఎంతో నాలుగేళ్లూ నాకన్నా మా క్లాసువాళ్లకే బాగా గుర్తు. ల్యాబులో నాతో జతకట్టడానికి ఎవరూ రాకపోతే సారు నన్ను ఒక్కదాన్నే ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టారు. కాలేజీ పేరు చెప్పను. పక్కనున్న నలభైమందిలో ఒక్కరు "ఇదేంటి సార్" అనలేదు. మంచివాళ్లే అందరూ. ఇప్పుడు సగంమంది ఈ బే ఏరియాలోనే ఉన్నారు, మా పిల్లల్ని పుట్టినరోజులకి పిలుస్తారు. కాలిన్స్ కూతురి సంగతి చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ బల్ల. ఆమె వాడిన బూతు కాదు.

మోడరేటర్
కులం మాట వచ్చింది కాబట్టి ఒకసారి చెప్తున్నా. అనుభవం రాయండి, ఎదుటివాళ్లని తిట్టకండి. రెండు పోస్టులు తీసేశాను.

కూకట్‌పల్లి కుర్రోడు
నాది గూడ తీసిన్రు. నేనేమన్న? మంచిగనే అన్న.

పిడుగురాళ్ల పిల్లోడు
రాణి గారూ, ఆ బల్ల సంగతి నాకు తెలీదు. తెలిస్తే అలా మాట్లాడేవాణ్ణి కాదు.
మా సంగతీ వినండి. మా నాన్న సున్నపు బట్టీలో పనిచేసేవాడు. మా అన్న మూడుసార్లు ఎంసెట్ రాశాడు. మూడోసారి మెడిసిన్ సీటు కొద్దిలో తప్పింది. ఇప్పటికీ ఆ ర్యాంకు ఇంట్లో ఎవరూ పైకి అనరు. వాడు ఊళ్లోనే మందులషాపు పెట్టుకున్నాడు. పరీక్ష ఒక్కటే మాలాంటివాళ్లకున్న తలుపు, దాన్నీ ఎవరో వచ్చి చీటీలు చేస్తానంటే నాకు ఒళ్లు మండుతుంది. కాలిన్స్ అయినా, ఇంకెవరయినా.

గోదారి రాణి
మీ అన్నయ్య సీటు నేను తీసుకోలేదండీ.

పిడుగురాళ్ల పిల్లోడు
మీరు తీసుకున్నారని నేననలేదు.

గోదారి రాణి
ఇరవయ్యేళ్లుగా ఎవరూ అనలేదు. అనుకున్నారంతే.

లెక్కల పంతులు
లోవెల్ విషయంలో ఒక సవరణ. ఆ లాటరీ తీర్మానం ముందస్తు నోటీసు సరిగ్గా ఇవ్వకుండా చేశారని 2021 నవంబరులోనే కోర్టు తప్పుపట్టింది. 2022 జూన్‌లో కొత్త బోర్డు 4–3తో మళ్లీ మార్కుల పద్ధతే తెచ్చింది. ఒక్క ఓటు తేడా. 76 శాతంతో దించినా బోర్డు లోపల గీత సరిగ్గా మధ్యలోనే ఉందన్నమాట. లోపెజ్ అదే నవంబరులో మళ్లీ నిలబడి ఓడిపోయింది. కాలిన్స్ నిలబడలేదు.

బెజవాడ బాబ్జీ
మాస్టారూ, మీరు ఓటేస్తే ఎటేసేవారు?

లెక్కల పంతులు
మోలిగాని ఉంచేవాణ్ణి. మిగతా ఇద్దరి గురించి అడక్కు.

దోశపెనం
మా ఆవిడ వాళ్ల బాబాయి ఇదంతా చదివి "నేనన్నది వేరు" అంటున్నారు. ఏంటో చెప్పట్లేదు.

హెచ్‌వన్ అన్న
ఫారం సంగతి ఇంకా తేలలేదు.