జేబులో పట్టే ఖగోళ పరికరం: పనిముట్టా, గిల్టు నగా?

ఇత్తడిపిచ్చి: గ్రీనిచ్ మ్యూజియంలో ఒకటుంది. ఇంగ్లండ్‌లో పరికరాలు చేసే హంఫ్రీ కోల్ 1569లో చేశాడు. మడతలు విప్పితే నీడ గడియారం, దిక్సూచి, రాత్రిపూట చుక్కల్ని బట్టి టైము చెప్పే చక్రం, ఊళ్ళ అక్షాంశాలు, రేవుల పోటు వేళలు. ఇంగ్లీషు నావికుడు ఫ్రాన్సిస్ డ్రేక్‌దని చెప్పుకుంటారు, గట్టి ఆధారం లేదు. ఫొటోలో బంగారు పూత ఇంకా మెరుస్తోంది. వాడిన వస్తువు అలా ఉంటుందా? దొరల షోకు అంతే.

గోదారిగట్టు: షోకుకైతే పోటు వేళలు చెక్కడం దేనికి? బాగా వాడినవి అరిగి, విరిగి, పాత ఇత్తడిగా కరిగిపోయాయి. దాచుకున్నవే మిగిలాయి. మిగిలినదాన్ని చూసి ఎవరూ వాడలేదంటే ఎలా?

కాఫీఫిల్టర్: గడియారాలు అప్పటికే ఉన్నాయిగా?

గోదారిగట్టు: ఉన్నాయి, గంటల ముల్లు ఒక్కటే. నడకను నిలకడగా ఉంచే సర్పిలాకారపు స్ప్రింగు 1675లో హైగెన్స్ అనే శాస్త్రవేత్త దాకా రాలేదు. అవి రోజుకు ఎంత తప్పుతాయో వాటికే తెలీదు. వాటిని సరిచేసుకోవాలన్నా నీడ గడియారమే దిక్కు.

ఇత్తడిపిచ్చి: నీడ గడియారం మాత్రం తప్పదా? సూర్యుడు గంటకు 15 డిగ్రీలు జరుగుతాడు. దిక్సూచి నాలుగైదు డిగ్రీలు పక్కకు చూపిస్తే పావుగంట గోవిందా. పైగా నా అనుభవం చెప్తాను. ఓ టూరిస్టు షాపులో ఇలాంటి ఇత్తడి డయల్ కొన్నా. హైదరాబాద్‌లో డాబా మీద పెడితే ఏ రోజూ సరైన టైము చూపలేదు. వాపసు తీసుకోమంటే "డెకరేషన్ పీస్ సార్" అన్నాడు.

చుక్కలరాయుడు: దాని మీద నీడ వేసే ముల్లు ఎన్ని డిగ్రీల కోణంలో బిగించి ఉంది?

ఇత్తడిపిచ్చి: 50 పైనే.

చుక్కలరాయుడు: అది లండన్ కొలత. ముల్లు కోణం ఊరి అక్షాంశంతో సమానంగా ఉండాలి: లండన్ 51.5, హైదరాబాద్ 17.4. చూపిస్తే ఆశ్చర్యపోవాలి. కోల్ దాంట్లో అక్షాంశాల పట్టిక ఉన్నది ఊరు మారినప్పుడు డయల్ సర్దుకోవడానికే. నాలుగైదు డిగ్రీల మాటా తెలిసిందే: దిక్సూచి ఎంత పక్కకు చూపుతుందో జర్మనీలోని నూరెంబర్గ్‌లో చేసిన దంతపు డయళ్ళ మీద గుర్తు పెట్టేవాళ్ళు.

ఇత్తడిపిచ్చి: అయినా డబ్బు పెట్టి వాపసు రాని బాధ నాది. షాపువాడే చెప్పాడుగా డెకరేషన్ అని.

గోదారిగట్టు: మీ షాపువాడి మీద కోపం కోల్ నెత్తిన రుద్దకండి! మా నాన్న ఇత్తడి పని చేసేవాడు. బిందె మీద ఇచ్చినవాళ్ళ పేరు చెక్కించేవారు, చేసినవాడి పేరు ఎవరూ అడగలేదు. దాని మీద కోల్ తన పేరు, సంవత్సరం చెక్కుకున్నాడు. అయినా లోకానికి అది 'డ్రేక్ డయల్'. మీరేమో నగ అంటున్నారు.

ఇత్తడిపిచ్చి: పనివాణ్ణి నేనేమన్నాను? పని అద్భుతం. కొన్నవాడికి దాన్ని వాడటం వచ్చి ఉండదనే నా మాట. టైము అవసరమైన మామూలు పడవవాడు దాన్ని కొనగలడా?

గోదారిగట్టు: అది మొదటి పోస్టులో రాయాల్సింది. "ఎవరూ వాడలేదు" వేరు, "అవసరమైనవాడికి అందలేదు" వేరు. రెండోదైతే నాకూ పేచీ లేదు. అలాగని గిల్టు నగ అంటే ఊరుకోను.

కాఫీఫిల్టర్: ఆ డయల్ అమ్మేస్తారా?

ఇత్తడిపిచ్చి: లండన్ వెళ్ళేవాళ్ళుంటే చెప్పండి.