అప్‌డేట్: స్టేషన్ దగ్గరి అవ్వ మూట దొరికింది

తిరుపతి రైల్వే స్టేషన్ బయట పడుకునే అవ్వ మూటను రాత్రిపూట ఎవరో సిబ్బంది బండిలో వేసుకుపోయారు, ఏం చేయాలని పోయిన వారం అడిగాను కదా. మీలో ఒకరు ఉచిత న్యాయసాయం నంబరు 15100కి ఫోన్ చేయమన్నారు. చేశాను. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసాయం ఇవ్వాలని 1987 న్యాయ సేవల చట్టంలోనే ఉందట, నాకు అప్పుడే తెలిసింది. ఒక వకీలమ్మ అర్జీ రాసిచ్చారు. బొంబాయి ఫుట్‌పాత్ వాసుల కేసులో 1985లో సుప్రీంకోర్టు చెప్పిన మాట అందులో పెట్టారు: బతుకుతెరువు కూడా జీవించే హక్కులో భాగమేనని.

మూడోరోజు మూట ఇచ్చారు. దుప్పటి లేదు. ఆధార్ కార్డు, పింఛను కాగితం మాత్రం పాల కవర్లో చుట్టినవి చుట్టినట్టే ఉన్నాయి. అవ్వ కార్డును కొంగుతో రెండుసార్లు తుడిచి, "ఇదుంటేనే నేనున్నట్టు నాయనా" అంది. నాకు మాట రాలేదు.

ఇల్లు లేనివాళ్లు ఉండే షెల్టర్ గురించి కూడా మీలో కొందరు అడిగారు. లక్ష జనాభాకు కనీసం 100 మందికి చోటుండాలని కేంద్రం 2024 దాకా నడిపిన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ నిబంధనల్లో రాశారు. అవ్వకు చెప్పి చూశాను. పూలు కట్టే పని స్టేషన్ దగ్గరే, దూరం పోలేనంది. ఇక బలవంతపెట్టలేదు, అది ఆమె ఇష్టం.

దుప్పటి కోసం నిన్న ఇంకో అర్జీ ఇచ్చాం.