తెరిచిన కాఫీ లిక్యూర్ ఎంతకాలం నిలువ ఉంటుంది? పైన పోసిన క్రీమ్ ఎందుకు విరిగింది?

ప్రశ్న
నా దగ్గర ఉన్న కాఫీ లిక్యూర్ (కాఫీ రుచిగల తియ్యని మద్యం) సీసాను తెరిచి సుమారు పది నెలలైంది. అంచున చక్కెర పేరుకుని మూత బిగుసుకుపోవడంతో, వేడినీళ్లలో తడిపిన గుడ్డ చుట్టి తీయవలసి వచ్చింది. వాసనలో తేడా ఏమీ కనిపించలేదు. అయితే నిన్న దానితో వైట్ రష్యన్ (వోడ్కా, కాఫీ లిక్యూర్, క్రీమ్‌ల కాక్‌టెయిల్) కలిపినప్పుడు, పైన పోసిన క్రీమ్ సన్నని పలుకులుగా విడిపోయి గ్లాసుకు అంటుకుంది. లోపం లిక్యూర్‌లో ఉందా, క్రీమ్‌లో ఉందా? సీసాను ఫ్రిజ్‌లో పెట్టవలసిందా?

జవాబు 1
సీసాను అనుమానించనక్కరలేదు. కాఫీ లిక్యూర్లలో సాధారణంగా 16 నుంచి 20 శాతం వరకు ఆల్కహాల్, దానితోపాటు చక్కెర దండిగా ఉంటాయి కాబట్టి, పాలు కలవని రకం అంత తేలికగా చెడిపోదు. ఫ్రిజ్ అవసరం లేదు. ఎండ, పొయ్యి వేడి తగలకుండా చూస్తే చాలు. కాలంతో తగ్గేది పరిమళమే. సగం ఖాళీ అయిన సీసాలో గాలి ఎక్కువగా ఉంటుంది కనుక, మిగిలినదాన్ని చిన్న సీసాలోకి మార్చడం మంచిది. పోసిన ప్రతిసారీ సీసా మూతిని తడిగుడ్డతో తుడిస్తే మూత బిగుసుకోదు. క్రీమ్ కలిసిన లిక్యూర్ల సంగతి మాత్రం వేరు; వాటి సీసా మీద ముద్రించిన గడువును తప్పక పాటించాలి.

జవాబు 2
నా అనుమానం క్రీమ్ మీదే. పాలలోని కేసీన్ అనే ప్రోటీన్, పుల్లదనం పెరిగి పీహెచ్ (ఆమ్లతను తెలిపే కొలత; పులుపు పెరిగేకొద్దీ తగ్గుతుంది) 4.6 దగ్గరికి చేరేసరికి ముద్దకడుతుంది. కాఫీలో సహజంగానే కొంత ఆమ్లత ఉంటుంది. పులియడం మొదలైన క్రీమ్‌కు అది తోడైతే, నాలుకకు ఇంకా తెలియని పులుపు కూడా గ్లాసులో పలుకులుగా బయటపడుతుంది. కొత్త ప్యాకెట్ తెరిచి, బాగా చల్లబరిచి, వెన్న శాతం ఎక్కువగా ఉన్న క్రీమ్‌నే వాడండి. అంతర్జాతీయ బార్‌టెండర్ల సంఘం కొలత ప్రకారం వోడ్కా 50 మి.లీ., కాఫీ లిక్యూర్ 20 మి.లీ. ఐసు మీద కలిపి, ఆపై 30 మి.లీ. క్రీమ్‌ను చెంచా వెనుకవైపు నుంచి మెల్లగా జార్చాలి. లిక్యూర్ చక్కెర వల్ల బరువుగా ఉంటుంది, క్రీమ్ కొవ్వు వల్ల తేలికగా ఉంటుంది. అందుకే తొందరపడకుండా పోస్తే తెల్లని పొర పైనే నిలుస్తుంది.

ప్రశ్న అడిగినవారు
కొత్త క్రీమ్‌తో పొర చక్కగా నిలిచింది, మీ ఇద్దరికీ కృతజ్ఞతలు. మరొక సందేహం: ఎస్ప్రెసో మార్టినీ (వోడ్కా, కాఫీ లిక్యూర్, ఎస్ప్రెసో అనే చిక్కని కాఫీ కలిపి కుదిపే కాక్‌టెయిల్) మీద నురగ నిలవడం లేదు. ఉదయం తీసి ఫ్రిజ్‌లో ఉంచిన కాఫీని వాడుతున్నాను.

జవాబు 3
కారణం ఆ నిలువ కాఫీయే. 1980లలో లండన్‌లో డిక్ బ్రాడ్‌సెల్ అనే బార్‌టెండర్ రూపొందించిన ఈ పానీయానికి అప్పుడే తీసిన ఎస్ప్రెసో ప్రాణం. దానిలో ఇమిడి ఉన్న వాయువు, ప్రోటీన్లు కలిసి నురగను నిలబెడతాయి. గంటలు గడిస్తే ఆ వాయువు బయటికి పోతుంది. ఎస్ప్రెసోను ఒక నిమిషం ఆరనిచ్చి, షేకర్ నిండా గట్టి ఐసు ముక్కలు వేసి, చేతికి షేకర్ మంచులా తగిలేవరకు, అంటే సుమారు 15 సెకన్లు, బలంగా కుదపండి. వెంటనే ముందే చల్లబరిచిన గ్లాసులోకి వడకట్టి, నురగ పైకి తేలడానికి కొన్ని క్షణాలు ఆగిన తర్వాతే మూడు కాఫీ గింజలు ఉంచండి. తొందరపడితే అవి మునిగిపోతాయి.