సమస్యాపూరణం: “ఖాళి యరలె పుస్తకశాల కళకు గురుతు”

లైబ్రేరియన్ అనగానే మనకో బొమ్మ కనబడుతుంది: ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు, పెదవిపై వేలు, పుస్తకం అడిగితే ఆస్తి రాసిమ్మన్నట్టు చూసే చూపు. అరలన్నీ నిండుగా ఉంటేనే ఆయనకు నిద్రపడుతుందంటారు. అందుకే సమస్యను తిరగేసి ఇచ్చాను. పై మాటే నాలుగో పాదంగా, మిగతా మూడు పాదాలు రాసి తేటగీతి పద్యంగా పూరించండి.

మొదటి పూరణ
రంగనాథుని తొలిమాట రహిని దలచి
పొత్తములు వాడుకకె యంచుఁ బుచ్చుకొనిరి
చదువరులు వచ్చి యొకటైన జారనీక
ఖాళి యరలె పుస్తకశాల కళకు గురుతు

నిర్వాహకుడు: గణాలు, యతులు (పాదం మొదటి అక్షరానికి మధ్యలో జత కుదరాల్సిన అక్షరాలు) సరిపోయాయి. గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో పుస్తకంగా తెచ్చిన ఐదు గ్రంథాలయ సూత్రాల్లో మొదటిది ఇదే: ‘పుస్తకాలు వాడుకకే’. ఒకప్పుడు ఐరోపా గ్రంథాలయాల్లో పుస్తకాలను గొలుసులతో అరలకు కట్టేసేవారు. ఆ కాపలా బుద్ధికి ఈ సూత్రమే సరైన జవాబు. ‘రహిని’ మాత్రం యతి కోసమే వచ్చింది. ‘తొలిమాట రక్తి కట్ట’ అంటే?

పూరించినవారు: బాగుందండీ, మార్చుకుంటాను.

రెండో పూరణ
పెదవిపై వ్రేలు నిడు సామి బీరువాల
జూచి పక్కున నవ్వెను చోద్యముగను
“నిండుకొన్నవి పుస్తకాల్ నేఁడు మాకు
ఖాళి యరలె పుస్తకశాల కళకు గురుతు”

నిర్వాహకుడు: ‘నిండుకొన్నవి’! వంటింట్లో బియ్యం అయిపోతే అనే మాటను అరలకు తెచ్చారు. ఖాళీ అయిందని చెప్పే మాటలోనే నిండుతనం వినిపిస్తోంది. అందరినీ ‘హుష్’ అనే మనిషే పక్కున నవ్వడం మరీ నచ్చింది. పుస్తకాన్ని ప్రేమించేవాడి సంతోషం అది.

మూడో పూరణ
తెచ్చుకొనినట్టి పొత్తాలు తిరిగి యీక
ఇంట దాచిన ఘనుఁడొక్కఁ డిట్టు లనియె
“తిట్టవల దయ్య నన్నింక మేలు చేస్తి
ఖాళి యరలె పుస్తకశాల కళకు గురుతు”

నిర్వాహకుడు: ఊహ గట్టిది, కానీ మూడో పాదంలో ‘తి’కి ‘మే’ యతి కుదరదు. ‘చేస్తి’ కూడా పద్యంలో ‘చేసితి’ కావాలి. ‘తిట్టవల దయ్య నన్నింక దీవెన లిడు’ అంటే రెండు దోషాలూ పోతాయి, ఘనుడి గడుసుతనమూ పెరుగుతుంది.

ఒక సభ్యురాలు: నాదొక అభ్యంతరం. రంగనాథన్ రెండో సూత్రం ‘ప్రతి పాఠకుడికీ అతని పుస్తకం’. అరలన్నీ ఖాళీ అయితే సాయంత్రం ఆలస్యంగా వచ్చినవాడు ఉత్త చేతులతో వెళ్లాలి. అది కళ ఎలా అవుతుంది?

నిర్వాహకుడు: అమ్మా, ఇది నాకు తట్టలేదు. ఈ ప్రశ్ననే మూడు పాదాల్లో పెట్టి, నాలుగో పాదాన్ని ఆ చివరివాడి నోట నిష్ఠూరంగా పలికించండి. మీ పూరణ కోసం ఎదురుచూస్తాను.