చమురు తెట్టు నుంచి సోలార్‌కి వాదన ఎలా కలపాలి?

డిబేట్‌లో నాకు పునరుత్పాదక ఇంధనం వైపు వచ్చింది. ఐదు నిమిషాలు మాట్లాడాలి. 1989లో అలాస్కా దగ్గర ఎక్సాన్ వాల్డెజ్ ఓడ నుంచి ఒలికిన చమురు, పాతికేళ్ల తర్వాత కూడా తీరంలో గులకరాళ్ల కింద తవ్వితే జిగటగా తగిలింది. 2010లో గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో డీప్‌వాటర్ హొరైజన్ అనే డ్రిల్లింగ్ రిగ్ పేలాక, అది తవ్వుతున్న బావి నుంచి 87 రోజులు చమురు కారింది. ఇక్కడిదాకా అందరూ బాగానే వింటున్నారు.

ఆ తర్వాతే చిక్కు. "చమురు ఎక్కువగా పోయేది బండ్లకు, ఓడలకు. సోలార్, గాలిమరలు ఇచ్చేది కరెంటు. రెండింటికీ లంకె ఏంటి?" అని ప్రాక్టీస్‌లో ప్రతిసారీ అడ్డుకుంటున్నారు. ఎలక్ట్రిక్ కార్లు అంటే, చాలాచోట్ల ఆ కరెంటు బొగ్గుదేగా అన్నారు. గ్రీన్ హైడ్రోజన్ (సోలార్, గాలిమరల కరెంటుతో నీటిని విడగొట్టి తీసే ఇంధనం) అంటే ఖరీదు అన్నారు, అదీ నిజమే. టెన్షన్‌గా ఉంది.

సముద్రంలో చమురు ఒలకడాన్ని సోలార్, పవన విద్యుత్తు నేరుగా ఎలా తగ్గిస్తాయో చెప్పే గట్టి పాయింట్ ఏది?